ఘంటసాల పిచ్చి

మా ఇంట్లో నాకున్న పేరు అదే. కొత్త పాటలు వినవా అంటారు. వింటాను, కాసేపటికి మళ్లీ ఆయన దగ్గరికే వచ్చేస్తాను.

విజయనగరంలో ఉంటూ ఈ పిచ్చి లేకపోతేనే ఆశ్చర్యం. కృష్ణా జిల్లా నుంచి చేతిలో డబ్బుల్లేకుండా వచ్చిన కుర్రాడు ఈ వీధుల్లోనే ఇంటింటా అన్నం అడిగి, మధూకరం ఎత్తుకుని, ఇక్కడి మహారాజా సంగీత కళాశాలలో చదువుకున్నాడు. పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి పాఠం చెప్పారు. ఆ కాలేజీ మీదుగా వెళ్లినప్పుడల్లా బండి స్పీడు దానంతటదే తగ్గిపోతుంది.

పాటలు సరే, నాకు పద్యమంటే ప్రాణం. ఎంత పెద్ద సమాసమైనా ఒక్క అక్షరం నలగదు. చివర్లో రాగం తీస్తున్నా భావం చెయ్యి వదలదు. ఈ విషయంలో నాతో వాదనకు రాకండి.

ఒక్కటే బాధ. ఆయన పాడిన భగవద్గీతని జనం చావుకి అంటగట్టేశారు. నేను ఆదివారం పొద్దున్నే టీ తాగుతూ పెట్టుకుంటాను. మొదటిసారి పెట్టినప్పుడు పక్కింటి పిన్నిగారు పరుగున వచ్చి, "ఏటైందమ్మా, ఎవరికి?" అన్నారు. ఇప్పుడైతే సౌండ్ పెంచమంటున్నారు.