ఐదు రోజుల్లో తీసిన రికార్డు

ఆదివారం, రాత్రి పదిన్నర

పొద్దునంతా మామూలే. బట్టలు, వారానికి సరిపడా కూరగాయలు, ఇంటికి ఫోను. మధ్యాహ్నం భోజనం కాగానే ఒక ఎల్పీ గుడ్డసంచిలో పెట్టుకుని టీచరుగారింటికి బయల్దేరాను. నెలకోసారి నలుగురం ఆయన బేస్‌మెంట్‌లో కూర్చుని రికార్డులు వింటాం. ఈసారి పెట్టుకున్న షరతు కాస్త గట్టిది. ఎవరికి వాళ్లు తమకు ప్రాణమైన ఆల్బం ఒక్కటే తేవాలి, ఒక వైపు మొత్తం వినిపించాలి, సూది పైకి లేచేదాకా ఎవరూ నోరు విప్పకూడదు.

ఒక్కటే అనేసరికి నిన్న రాత్రి నాకు టెన్షన్ పట్టుకుంది. సన్ వోల్ట్ బ్యాండ్ ఆల్బం 'ట్రేస్' పట్టుకెళ్లాలా, అంకుల్ టుపెలో బ్యాండ్ మూడో ఆల్బం పట్టుకెళ్లాలా? సెయింట్ లూయిస్‌లో ఉండేవాళ్లకి ఈ రెండూ పక్క ఊరి సంగీతమే. మిసిసిపీ నది దాటి ఇలినాయ్‌లోకి కొంచెం దూరం వెళితే బెల్‌విల్ వస్తుంది. అంకుల్ టుపెలో బ్యాండ్ పెట్టిన జే ఫారర్, జెఫ్ ట్వీడీ, మైక్ హైడార్న్ ఆ ఊరి కుర్రాళ్లు. పంక్ రాక్ వింటూ పెరిగి, 1990లో తమ మొదటి ఆల్బంలో పాతకాలపు కంట్రీ పాటల బృందం కార్టర్ ఫ్యామిలీ 1936లో రికార్డు చేసిన పాటను ఎత్తుకున్నారు. ఆ ఆల్బం పేరు 'నో డిప్రెషన్'. 1995లో సియాటిల్‌లో మొదలైన పత్రిక అదే పేరు పెట్టుకుంది. ఇలా పంక్ రాక్, పాత కంట్రీ కలిసిన సంగీతాన్ని ఆల్ట్-కంట్రీ అంటారు, దాని అభిమానులకి ఆ పత్రికే పెద్ద దిక్కయింది.

బ్యాండ్ విడిపోయాక ఫారర్ పెట్టిన సన్ వోల్ట్ 1995లో 'ట్రేస్' తెచ్చింది. అందులో 'టియర్ స్టెయిన్డ్ ఐ' పాటలో సెయింట్ జెనెవీవ్ పేరు వస్తుంది. ఇక్కడికి గంట దూరంలో, నది పక్కన, ఫ్రెంచివాళ్లు కట్టుకున్న పాత ఊరు అది. 1993 వరదల్లో ఊళ్లోవాళ్లు ఇసుక బస్తాలు పేర్చి నీళ్లకి అడ్డుకట్ట వేసుకున్నారు. నేను అక్కడికి వెళ్లినప్పుడు కట్ట ఎక్కి నిలబడి ఆ పాట పెట్టుకున్నాను. నీళ్లు ఎంత నిదానంగా పోతున్నాయో, ఫారర్ అంత నిదానంగా పాడతాడు. ఊరిని తలుచుకుంటాడు తప్ప ఏడవడు. ఆ పాట ఒక్కటి చాలు, 'ట్రేస్' పట్టుకెళ్లడానికి. అయినా పట్టుకెళ్లలేదు. ఎందుకో తర్వాత రాస్తాను.

ముందు టీచరుగారి వంతు. హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. డెల్మార్ లూప్‌లో సిసెరోస్ కింద సెల్లార్ బార్ ఉండే రోజుల్లో అక్కడ అంకుల్ టుపెలోని చూశారు. 1994 మే 1న మిసిసిపీ నైట్స్‌లో జరిగిన ఆఖరి కచేరీకీ వెళ్లారు. ఫారర్ అప్పటికి నెలల ముందే తప్పుకుంటానని చెప్పేశాడు. అతనికీ ట్వీడీకీ సరిగ్గా మాటల్లేవు, అయినా పాడారు. ఆయన తెచ్చింది ట్వీడీ తర్వాత పెట్టిన విల్కో ఆల్బం, 1996 నాటి 'బీయింగ్ దేర్'. మొదటి పాట 'మిసండర్‌స్టుడ్' కోసం బ్యాండ్‌లోవాళ్లు వాయిద్యాలు ఒకరివొకరు మార్చుకుని వాయించారు. అందుకే అది పడిపోయేలా ఉండి కూడా నిలబడుతుంది. రెండు డిస్కుల ఆల్బమైనా కొనేవాడి మీద భారం పడకూడదని, ధర ఒక్క డిస్కుకి దగ్గరగా ఉండేలా ట్వీడీ తన రాయల్టీ తగ్గించుకున్నాడు. టీచరుగారు ఈ విషయం చెప్పినప్పుడల్లా ట్వీడీ తన క్లాసులో చదువుకున్న పిల్లాడైనట్టు పొంగిపోతారు.

నాకూ ఇష్టమే ఆ ఆల్బం. కాకపోతే రెండో డిస్కు మధ్యలో పట్టు సడలుతుందని ఎప్పటినుంచో నా అభిప్రాయం, ఇవాళ కూడా అదే చెప్పాను. విల్కో అంటే అందరూ ముందు ఎత్తే పేరు 'యాంకీ హోటల్ ఫాక్స్‌ట్రాట్'. వార్నర్ కిందున్న ఒక లేబుల్ దాన్ని వద్దంటే, వాళ్లు 2001 సెప్టెంబర్‌లో సొంత వెబ్‌సైట్‌లో ఉచితంగా వినిపించారు. అదే వార్నర్ కిందున్న ఇంకో లేబుల్ డబ్బిచ్చి తీసుకుని 2002లో విడుదల చేసింది. కథ గొప్పదే. అయితే ఆ కథ ఎంత పెద్దదైపోయిందంటే పాటల గురించి ఎవరూ మాట్లాడరు. టీచరుగారు దాన్ని తేనందుకు నాకు సంతోషమేసింది.

తర్వాత నర్సు. నైట్ డ్యూటీ చేసి సరిగ్గా నిద్ర కూడా పోకుండా వచ్చింది. ఒహాయోలో లొరేన్ పక్క ఊరు ఆమెది. ఎరీ సరస్సు ఒడ్డున ఉక్కు మిల్లుల ఊరు లొరేన్, పాటలు రాసి పాడే జేసన్ మొలినా పెరిగింది అక్కడే. ఆమె తెచ్చింది 2003లో వచ్చిన అతని ఆల్బం 'మాగ్నోలియా ఎలెక్ట్రిక్ కో'. షికాగోలో రికార్డింగ్ ఇంజినీర్ స్టీవ్ అల్బీనీ స్టూడియోలో, అందరూ కలిసి వాయిస్తుండగా పట్టిన రికార్డు. మొదటి పాట 'ఫేర్‌వెల్ ట్రాన్స్‌మిషన్' ఏడు నిమిషాల పైమాటే. ఎక్కడా చప్పబడదు. చివరికొచ్చేసరికి మొలినా వినండి, వినండి అంటాడు. అంతే, పాట ఆగిపోతుంది. స్పీకర్ల పక్కన కూర్చున్న నాకు ఆ ఆఖరి మాట తర్వాత గదిలో ఫ్రిజ్ చప్పుడు కూడా వినబడింది.

అప్పుడు మా ఆఫీసు కుర్రాడు షరతు తప్పి మాట్లాడేశాడు. కూకట్‌పల్లి వాడు, ఇరవై అయిదు దాటి ఉండవు. "అన్నా, ఈ పాట నాకొచ్చు! ఇది వాక్సహాచీ పాట కదా?" అన్నాడు నాతో తెలుగులో. వాక్సహాచీ పేరుతో పాడే కేటీ క్రచ్‌ఫీల్డ్, కెవిన్ మోర్బీ కలిసి 2018లో పాడింది మాత్రమే విన్నాడు. అసలు మనిషిని ఇప్పుడే వింటున్నాడు. నర్సు వాడికేసి చూసి, మళ్లీ మొదటినుంచి పెట్టనా అని అడిగింది. పెట్టింది. మేం ఎవరం కాదనలేదు. మొలినా 2013లో 39 ఏళ్లకి పోయాడు. తాగుడు. ఐసీయూలో అలాంటివాళ్లని చూస్తూనే ఉంటానని మాత్రం అంది, అంతకుమించి చెప్పలేదు.

కుర్రాడు తెచ్చింది కూడా క్రచ్‌ఫీల్డ్‌దే, 'సెయింట్ క్లౌడ్'. 2020 మార్చి చివర్లో, అందరూ ఇళ్లలో తలుపులేసుకున్న వారాల్లో వచ్చింది. ఆమెది అలబామా. ముందు ఆల్బం గిటార్ల హోరు, ఇందులో హోరు తీసేసి గొంతు ముందుకు తెచ్చింది. 2018లో తాగుడు మానేశాక రాసుకున్న పాటలివి. అంతకుముందు విన్న మొలినా తర్వాత ఈ గొంతు వింటుంటే ఎక్కడో ఒక ముడి వీడినట్టనిపించింది. ఇదంతా వాడు ప్లాన్ చేసి తేలేదు, అలా కుదిరింది. "ఇది విన్నాకనే నేను పాతవాటిలోకి పోయిన అన్నా. ఎమ్‌జే లెండర్‌మన్, వెన్స్‌డే, అక్కడి నుంచి వెనక్కి వెనక్కి" అన్నాడు. 2024లో వచ్చిన లెండర్‌మన్ ఆల్బం 'మానింగ్ ఫైర్‌వర్క్స్' నాకు పరిచయం చేసింది వీడే. కొత్తవాళ్లలో లెండర్‌మన్ గిటారంటే నాకు చాలా గౌరవం. తెలివి చూపించడానికి ఒక్క నోటు కూడా వాయించడు.

ఇక నాది. అంకుల్ టుపెలో 'మార్చ్ 16-20, 1992'. ఆల్బం పేరే రికార్డు చేసిన తేదీలు. జార్జియాలో ఆథెన్స్ ఊళ్లో, జాన్ కీన్ స్టూడియోలో ఐదు రోజులు. ప్రొడ్యూసర్ ఆర్.ఇ.ఎం. బ్యాండ్ గిటారిస్ట్ పీటర్ బక్. ఈ కుర్రాళ్లని తన ఇంట్లోనే ఉంచుకుని, డబ్బు తీసుకోకుండా చేసిపెట్టాడు. అప్పటికి ఆరు నెలల కిందే నిర్వాణా బ్యాండ్ ఆల్బం 'నెవర్‌మైండ్' వచ్చి దేశమంతా మోగిపోతోంది. గట్టిగా వాయించే బ్యాండ్లకి పెద్ద లేబుళ్లు చెక్కులు రాస్తున్న కాలం. సరిగ్గా అప్పుడు వీళ్లు హోరు ఆపేసి అకూస్టిక్ గిటార్లు, బాంజో పట్టుకుని కూర్చున్నారు. సగం పాటలు సొంతవి, సగం పాత జానపదాలు. 'మూన్‌షైనర్' పాడేటప్పుడు ఫారర్‌కి పాతికేళ్లు. కళ్లు మూసుకుని వింటే డెబ్బై ఏళ్ల మనిషి గొంతు.

నేను 'ట్రేస్' కాదని దీన్ని తేవడానికి కారణం ఒక్క పాట, 'కోల్‌మైనర్స్'. మాది కొత్తగూడెం. మా నాన్న సింగరేణిలో ఫిల్లర్‌గా చేశాడు, తట్టా చెమ్మస్‌తో బొగ్గు ఎత్తేవాడు. రాత్రి షిఫ్టు దిగి ఇంటికొస్తే ఎంత రుద్దినా కనురెప్పల అంచుల్లో కాటుక గీసినట్టు నల్లటి గీత మిగిలిపోయేది. సమ్మె రోజుల్లో మా క్వార్టర్ల మధ్య డప్పు మీద పాడిన పాటలు నాకింకా గుర్తు. ఆ పాటల్లో బొగ్గు బాయి ఒక చోటు కాదు, కూలి ఎగ్గొట్టే మనిషి. ఈ పాటలోనూ అదే మాట, అదే తెగింపు. ఫారర్ దాన్ని సానుభూతితో పాడడు, సంఘం మీటింగ్‌లో లేచి నిలబడ్డవాడిలా పాడతాడు. బెల్‌విల్ చుట్టుపక్కల కూడా ఒకప్పుడు బొగ్గు గనులే. ఇదంతా వాళ్లకి ఇంగ్లీషులో చెప్తుంటే మధ్యలో కుర్రాడు, "అన్నా, మీ నాన్న సంగతి ఎప్పుడూ చెప్పలే" అన్నాడు. టీచరుగారు లేచి వెళ్లి సూది మళ్లీ అదే పాట మీద పెట్టారు.

వాదన ఆ తర్వాత మొదలైంది. నేనన్నాను: మనుషులు ఒకే గదిలో కూర్చుని కొద్ది రోజుల్లో తీసిన రికార్డుల్లోనే ఊపిరి నిలుస్తుందని. ఇది ఐదు రోజులు. మొలినాది కలిసి వాయిస్తూ పట్టింది. అంకుల్ టుపెలో ఆఖరి ఆల్బం 'అనొడైన్' కూడా 1993లో ఆస్టిన్‌లో, తర్వాత పైన ఏదీ అతికించకుండా తీసిందే. నర్సు నా వైపే. కుర్రాడు ఎటూ తేల్చలేదు.

టీచరుగారు మాత్రం ఒక్క పేరు చెప్పి నన్ను ఆపేశారు. గాయని లూసిండా విలియమ్స్. ఆవిడ ఆల్బం 'కార్ వీల్స్ ఆన్ ఎ గ్రావెల్ రోడ్'. ఆస్టిన్‌లో ఒకసారి రికార్డు చేసి పక్కన పడేసి, నాష్‌విల్‌లో స్టీవ్ ఎర్ల్‌తో మళ్లీ చేసి, అదీ తృప్తి లేక ఇంకొకరితో పూర్తి చేయించుకుంది. ముందు ఆల్బం 1992లో, ఇది 1998లో. అన్నేళ్లు చెక్కినా ఆ పాటల్లో ఆవిడ అప్పుడే గుమ్మంలోకొచ్చి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. అది ఎలా కుదిరిందో చెప్పమన్నారు. నా దగ్గర ఇంకా పూర్తి జవాబు లేదు. ఆవిడ వెతుకుతున్నది చెక్కడం కాదు, మొదటిసారి పాడినప్పటి తాజాదనమే అయుండొచ్చు, అది దొరికేదాకా పాడుతూనే ఉండి ఉంటుంది అన్నాను. ఆయన తల ఊపారు గానీ ఒప్పుకోలేదు.

వచ్చే నెల మా ఇంట్లో. ఆయన 'కార్ వీల్స్' తెస్తానన్నారు. దానికి ఎదురుగా పెట్టడానికి నేను గిలియన్ వెల్చ్ 'టైమ్ (ది రెవెలేటర్)' అనుకుంటున్నాను. 2001, నాష్‌విల్‌లో పాత ఆర్‌సీఏ స్టూడియో బి, ఇద్దరు మనుషులు, డ్రమ్స్ లేవు. కుర్రాడికి దాని గురించి కారులో చెప్తే దిగేలోపే ఫోన్లో వెతికి మొదటి పాట పెట్టేశాడు. వాడి అపార్ట్‌మెంట్ ముందు బండి ఆపి ఆ పాట అయ్యేదాకా కూర్చున్నాం. నర్సు పులిహోర అడిగింది, పోయిన ఉగాదికి తిన్నది బాగా నచ్చిందట. చింతపండు అయిపోయింది, తెచ్చుకోవాలి.