రక్ష మాం వేధజాద్భయాత్

2025 సెప్టెంబరు 7, భాద్రపద పూర్ణిమ, ఆదివారం. ఆ రాత్రి గ్రహణం తలుచుకుంటే నాకింకా మనసు కుదుటపడదు. పట్టు 9.57కి, సంపూర్ణ బింబం 11 గంటల నుంచి 12.22 దాకా, విడుపు 1.26కి. చంద్రగ్రహణానికి మూడు జాముల వేధ, అంటే పట్టుకి ముందు తొమ్మిది గంటలు భోజనాదులు మానే నిషేధకాలం, కనక మధ్యాహ్నం ఒంటిగంటకే మొదలైపోయింది. ఒడిశా సరిహద్దులోని మా పర్లాకిమిడి వీధిలో తెలుగువాళ్లం, ఒడియావాళ్లం కలిసే ఉంటాం. ఇంట్లో మాట వేరు గానీ గ్రహణం నాటి పద్ధతి అందరిదీ ఒకటే. ఊరగాయ జాడీల మీద దర్భలు, విడుపు స్నానమయ్యాకే మళ్లీ పొయ్యి.

మా ఆడపడుచు కోడలికి అప్పుడు ఏడో నెల. పన్నెండున్నరకి నాలుగు ముద్దలు పెట్టి, కిటికీలకు దుప్పట్లు కట్టి, ఆ పిల్లని గదిలో పడుకోబెట్టారు. కదలకూడదు, కాళ్లు ముడవకూడదు, ఒళ్లు గోక్కోకూడదు. మంచినీళ్లు కూడా లేవు. పదకొండు దాటాక దొడ్లోకి వెళ్లాలని లేచి, కళ్లు తిరిగి గుమ్మంలోనే కూలబడింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయి సెలైన్ పెట్టించాం. ఈశ్వరుడి దయవల్ల తల్లీ బిడ్డా దక్కారు. అంతసేపూ ముందుగదిలో టీవీ మోగుతూనే ఉంది, ఏ రాశికి ఏం కీడో చెబుతూ. పుణ్యకాలమంతా గడిచిపోయింది, ఇంట్లో ఒక్కరం కూడా జపానికి కూర్చోలేదు. నేనూ కూర్చోలేదు. ఆ పిల్ల పక్కన కూర్చోవాలని కూడా నాకు తోచలేదు.

మర్నాటి నుంచీ ఒక్క శ్లోకమే నన్ను పట్టుకుంది. మా నాన్నగారు పౌరోహిత్యం చేసేవారు. కంచుపాత్రలో నెయ్యి పోసి నాగప్రతిమ దానం పట్టించేటప్పుడు ఈ శ్లోకం చెప్పించేవారు, మీరూ వినే ఉంటారు.

విధుంతుద నమస్తుభ్యం సింహికానందనాచ్యుత ।
దానేనానేన నాగస్య రక్ష మాం వేధజాద్భయాత్ ॥

విధుంతుదుడంటే చంద్రుణ్ణి బాధపెట్టేవాడు, రాహువు. సింహిక అతని తల్లి. అతణ్ణి తిట్టడం లేదు, తరమడం లేదు. నమస్కారం పెట్టి, తల్లి పేరు చెప్పి పిలుస్తున్నాం. పిలిచి అడిగేదేమిటి? వేధ నుంచి కాపాడమనా? కాదు. ‘వేధజాత్ భయాత్’, వేధ వల్ల పుట్టిన భయం నుంచి. నలభై ఏళ్లు విన్నాను, ఆ చివరి మాట దగ్గర ఏనాడూ ఆగలేదు. పూర్వులు రాహువునే బతిమాలి పోగొట్టుకోవాలనుకున్న భయాన్ని మనం పళ్లెంలో పెట్టి కడుపుతో ఉన్న పిల్లకి వడ్డిస్తున్నాం.

ఈ వేధ అన్న మాట ఎంత పాతదో చూడండి. ఋగ్వేదం ఐదో మండలం, నలభయ్యో సూక్తంలో అత్రి మహర్షి కథ ఉంది. ‘యత్త్వా సూర్య స్వర్భానుస్తమసావిధ్యదాసురః’, ఓ సూర్యా, అసురుడైన స్వర్భానుడు నిన్ను చీకటితో పొడిచినప్పుడు, అంటుంది మంత్రం. మనం రాహువనేది ఆ స్వర్భానుణ్ణే. అవిధ్యత్, పొడిచాడు. పంచాంగంలో మనం చదివే వేధ ఆ ధాతువు నుంచి వచ్చిందే. మన తెలుగులో వేధించడం కూడా దాని బిడ్డే. అప్పుడు లోకాలన్నీ ఎలా అయ్యాయట? ‘అక్షేత్రవిద్యథా ముగ్ధః’, చోటు తెలియక దిక్కుతోచనివాడిలా. రాత్రిపూట తెలియని ఊళ్లో బస్సు దిగి, బోర్డు మీది లిపి కూడా చదవలేక నిలబడ్డవాడు నాకు కనిపిస్తాడు ఆ మాటలో. సరిహద్దు ఊళ్లవాళ్లకి ఇది వేరే చెప్పాలా?

ఇంద్రుడు స్వర్భానుడి మాయల్ని కొట్టాడు, నిజమే. కానీ దాగిపోయిన సూర్యుణ్ణి వెతికి పట్టింది అత్రి. మంత్రంతో, ‘నమసా’, నమస్కారంతో. గ్రహణవేళ మనం చేయవలసింది అక్కడే ఉంది. చీకటి పొడిచినప్పుడు అత్రి వెతికాడు. తలుపులు బిగించుకుని టీవీ ముందు కూర్చోలేదు.

గ్రహణం ఛాయ వల్లేనన్న సంగతి పూర్వులకి తెలియక కాదు. ‘ఛాదయతి శశీ సూర్యం శశినం మహతీ చ భూచ్ఛాయా’ అని, చంద్రుడు సూర్యుణ్ణి, పెద్ద భూమి నీడ చంద్రుణ్ణి కప్పుతాయని, ఆర్యభటుడు ఎప్పుడో చెప్పేశాడు. మన ఒడిశాలోనే ఖండపడాకి చెందిన జ్యోతిశ్శాస్త్రవేత్త పఠాణి సామంత, వెదురుతో చేసుకున్న యంత్రాలతో ఆకాశాన్ని కొలిచి, తాటాకుల మీద సిద్ధాంత దర్పణం అనే ఖగోళ గ్రంథం రాశారు. అది 1899లో అచ్చయింది. అంతటి లెక్కలమనిషి పరమ జగన్నాథ భక్తుడు.

ఇక గ్రహణం మొర్రి. నా చిన్నప్పుడు మా వెనకవీధిలో ఒక బాబు పెదవి చీలి పుట్టాడు. గ్రహణంలో వంకాయ తరిగావని ఆ తల్లిని ఏళ్ల తరబడి పొడిచారు. కడుపులో బిడ్డ పెదవి నాలుగో వారానికీ ఏడో వారానికీ మధ్యనే కలిసిపోతుంది. అతుక్కోకపోతే చీలిక మిగులుతుంది. ఏడో నెలలో కత్తిపీట ముట్టుకుంటే చీలేది కాదు. ఈ మాట ఆ తల్లికి ఎవరూ చెప్పలేదు. వాడికి తర్వాత ఆపరేషన్ చేసి పెదవి కుట్టారు, మాటా చక్కగా వచ్చింది. ఆమె మాత్రం ఇప్పటికీ గ్రహణమంటే నోరు మెదపదు.

1980 ఫిబ్రవరి 16, మాఘ అమావాస్య, శనివారం. పూరీ, కోణార్క్‌ల మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం. మధ్యాహ్నం మూడున్నర దాటాక మా వీధి మసకబారిపోయింది. పక్షులు గూళ్లకి మళ్లాయి, కుక్క కూడా బయట లేదు. మా పిన్ని అప్పుడు కడుపుతో ఉంది. మామ్మ ఆమెని గదిలో పెట్టి తలుపు వేయలేదు. తన పక్కన చాప మీద కూర్చోబెట్టుకుంది. మధ్యమధ్య దర్భ వేసిన చెంబులోంచి నీళ్లు తాగించింది. ఎవరో అభ్యంతరం చెబితే, ‘పసివాళ్లకీ ముసలాళ్లకీ రోగులకీ శాస్త్రమే సడలింపు ఇచ్చింది, కడుపులో ఉన్నవాడు పసివాడు కాడేటి?’ అంది. తర్వాత కళ్లు మూసుకుని ఆదిత్యహృదయం అందుకుంది. పిన్నికి రాని చోట్ల తనే పైకి చెప్పి అనిపించింది. ఆ చీకటిలో నేను మామ్మ కొంగు పట్టుకుని కూర్చున్నాను. భయమేసిన గుర్తు లేదు.

అమ్మలారా, అక్కలారా, పట్టు స్నానం చేయండి, విడుపు స్నానం చేయండి, మహేంద్రతనయ నదికి వెళ్లగలిగితే వెళ్లండి. దానం ఇవ్వండి, జపం అసలు మానకండి. ఇంట్లో గర్భిణి ఉంటే ముందు ఒక చెంబు నీళ్లు, రెండు అరటిపళ్లు ఆమె చేతికి అందేలా పెట్టండి. ఆ టీవీ కట్టేయండి. ఆమె పక్కన చాప వేసుకుని కూర్చోండి. ఏ నామం వస్తే ఆ నామం, ఇద్దరికీ వినబడేలా చెప్పండి.