పర్లాకిమిడిలో ఫిజిక్స్ ట్యూషన్: వీడియోలతో నా అనుభవం

మాది పర్లాకిమిడి. ఒడిశాలో ఉన్నా మా వీధిలో ఇంటింటా తెలుగే. నేను లెక్కల ట్యూషన్ చెప్పుకునేవాణ్ని. డిగ్రీలో ఫిజిక్స్ పరీక్ష గట్టెక్కేంత మటుకే చదివాను. "ఫిజిక్స్ కూడా మీరే చూసుకోండి మేస్టారూ, ఇంకో చోటికి పంపితే రెండు ఫీజులు కట్టలేం" అని పిల్లల తల్లిదండ్రులు పట్టుబట్టడంతో ఒప్పుకోక తప్పలేదు. ఒప్పుకున్నాక టెన్షన్ మొదలైంది. కొందరు ఒడియా మీడియం, కొందరు ఇంగ్లీషు మీడియం. పుస్తకం ఏ భాషలో ఉన్నా సందేహం మాత్రం తెలుగులోనే అడుగుతారు. నోటికి వచ్చిన పాఠం ఒప్పజెప్పి తప్పించుకోవడానికి వీల్లేదు.

ముందు నేను నేర్చుకోవాలి కదా. అందుకు బాగా పనికొచ్చింది 'మెకానికల్ యూనివర్స్' అనే పాత సిరీస్. అమెరికాలోని కాల్‌టెక్ అనే విశ్వవిద్యాలయం 1985లో మొదలుపెట్టింది. మొత్తం 52 భాగాలు, ఒక్కోటి అరగంట. ప్రొఫెసర్ డేవిడ్ గుడ్‌స్టీన్ క్లాసుతో మొదలై, మధ్యలో గెలీలియో, న్యూటన్ కథలు నాటకంలా నడిచి, మళ్లీ క్లాసుకే వస్తుంది. కంప్యూటర్ బొమ్మలు జిమ్ బ్లిన్ చేశాడు. అంతకుముందు వాయేజర్ నౌక గ్రహాల పక్కగా వెళ్లే దృశ్యాలు గీసింది కూడా ఆయనే. సమీకరణంలోని అక్షరాలు ఈ పక్క నుంచి ఆ పక్కకి గెంతుతూ వాటంతటవే సర్దుకుంటాయి. చూడటానికి ముచ్చటేస్తుంది గానీ, ఆపేసి పెన్ను పట్టుకుంటే ఒక్క లైనూ కదలదు. అందుకని సమీకరణం తెరమీదికి రాగానే ఆపి, మిగతాది నోట్‌బుక్‌లో నేనే చేసుకుని, అప్పుడు మళ్లీ నడిపేవాణ్ని. అరగంట వీడియోకి ఒక రాత్రి పట్టేది. నేను నేర్చుకున్న ఫిజిక్స్‌లో సగానికి పైగా ఆ ఆపిన చోట్లలోనే వచ్చింది.

పిల్లలకి మాత్రం దాన్ని పూర్తిగా చూపించను. ఆ ఇంగ్లీషు వేగం వాళ్లకి అందదు. వాళ్లకి ఐఐటీ కాన్పూర్‌లో పనిచేసిన హెచ్.సి. వర్మ గారి హిందీ వీడియోలు బాగా ఎక్కుతాయి. మామూలు వస్తువులతో ప్రయోగం చేసి చూపిస్తారు, హిందీ మా పిల్లలకి కొత్త కాదు. అన్నీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి టీవీకి పెడతాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా జిల్లాని ఊడ్చేసినప్పటి నుంచి నెట్ మీద, కరెంటు మీద భారం వేసి కూర్చోవడం మానేశాం.

అసలు చిక్కు వేరే ఉంది. వీడియో అయిపోగానే "అర్థమైంది మేస్టారూ" అని అందరూ తలూపుతారు. మర్నాడు అదే విషయం అడిగితే పాత జవాబే. దీని మీద పరిశోధన జరిగిందని తర్వాత తెలిసింది. యూట్యూబ్‌లో 'వెరిటాసియం' అనే సైన్స్ వీడియోలు తీసే డెరెక్ ముల్లర్ 2008లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో చేసిన పీహెచ్‌డీ ఇదే. తేటగా వివరించిన వీడియో చూసినవాళ్లు బాగుంది, తేలిగ్గా ఉంది అన్నారు గానీ మార్కులు పెద్దగా పెరగలేదు. జనానికి ఉండే తప్పు అభిప్రాయాలను ముందు పైకి తెచ్చి, వాటితో తగువు పెట్టుకున్న వీడియో గందరగోళంగా ఉందన్నవాళ్లే ఎక్కువ నేర్చుకున్నారు.

కాబట్టి ఇప్పుడు తగువు ముందు, వీడియో తర్వాత. రబ్బరు బంతి పైకి విసిరి, "చెయ్యి వదిలాక దీని మీద ఏయే బలాలున్నాయి?" అంటాను. ఒకడు ఠక్కున, "చేతి బలం పైకి, భూమి లాగడం కిందికి. పైన ఆగినచోట రెండూ సమానం" అంటాడు. "సమానమైతే అక్కడే ఉండిపోవాలి కదరా?" ఇక చూడాలి. ఒకమ్మాయి అక్కడ అసలు బలమే ఉండదంటుంది. ఇంకొకడు చేతి బలం కొంచెం కొంచెంగా అరిగిపోతుందంటాడు. ప్రతివాడి జవాబూ బోర్డు మీద వాడి పేరుతో రాసి, అప్పుడు వీడియో పెడతాను. గాలిని పక్కనబెడితే, చెయ్యి వదిలిన క్షణం నుంచి ఉన్నది భూమి ఆకర్షణ ఒక్కటే, పై చివరన కూడా అంతే, అని విన్నప్పుడు వాళ్లు పెట్టే ముఖాలు చూడాలి.

మా సొంత వీడియో కూడా ఒకటి తీశాం. గోడ మీద బొగ్గుతో సెంటీమీటర్ల గీతలు గీసి (మా ఆవిడ సణుగుడు వేరే కథ), గోడని ఆనుకున్నట్టు బంతి జారవిడిచి ఫోన్‌తో తీశాం. సెకనుకి 30 ఫ్రేములు. మూడేసి ఫ్రేములకి ఒకసారి ఆపితే 0.1 సెకను చొప్పున దూరాలు దొరుకుతాయి. లెక్క ప్రకారం దాదాపు 5, 20, 44, 78 సెంటీమీటర్లు రావాలి. మావి కాస్త అటూ ఇటూగా వచ్చాయి. వరస దూరాల మధ్య తేడాలు తీస్తే 1, 3, 5, 7 నిష్పత్తి కనబడుతుంది. గెలీలియో కనిపెట్టిన బేసి సంఖ్యల వరస ఇదే. ఫోన్ దూరంగా, గీతల మధ్యభాగానికి ఎదురుగా ఉండాలి. దగ్గర పెడితే పైనా కిందా బంతి అసలు గీతకి కాక పక్క గీతకి ఎదురుగా ఉన్నట్టు కనబడి లెక్క చెడుతుంది.

అన్ని వీడియోలూ నమ్మదగ్గవి కావు. 1940 నవంబరు 7న అమెరికాలో కూలిన టకోమా వంతెన దీనికి మంచి ఉదాహరణ. ఊయలని సరైన సమయానికి తోసినట్టు గాలి తోసిందని, అనునాదం వల్ల కూలిందని చాలావాటిలో చెప్పేస్తారు. గాలి ఒక లయలో తొయ్యలేదు, వంతెన మెలితిరగడమే గాలి నుంచి ఇంకా శక్తి లాక్కుంది అని ఇంజనీర్లు ఎప్పుడో తేల్చారు.

కరెంటు సర్క్యూట్లకి వీడియో కంటే కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ (PhET) సిమ్యులేషన్లు, అంటే తెరమీద మనమే చేసి చూసుకునే ప్రయోగాలు, మేలు. డబ్బు కట్టక్కర్లేదు, కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. తీగలు పిల్లలే కలుపుకుంటారు. బోర్డు పరీక్ష లెక్కలకి మాత్రం ఏ వీడియో అయినా కొంతవరకే. కాగితం మీద చేయించాల్సిందే.

భ్రమణ చలనానికి నాకు నచ్చిన వీడియో ఇంకా దొరకలేదు. సైకిల్ షాపులో పాత చక్రం కొని, ఇరుసుకి రెండు వైపులా పిడులు బిగించాను. జోరుగా తిప్పి పక్కకి వంచబోతే అది ఇంకో దిక్కుకి తిరగబడుతుంది. వచ్చే బ్యాచ్‌కి ముందు దాన్నే చేతికిస్తాను.