నల్ల తండ్రి, ఎర్ర తల్లి, కుందేలు రంగు పిల్లలు: గినీ పిగ్ నోట్‌బుక్

మిర్చి పిల్లల్ని పెట్టింది. ఒకటి ఎరుపు, రెండు అడవి కుందేలు రంగు. తండ్రి కాటుక పేరుకు తగ్గ నలుపు, తల్లి మచ్చ లేని ఎరుపు. చూడ్డానికి వచ్చినవాళ్లు "ఇంకో మగది దూరిందేమో" అని నవ్వారు. ఎవరూ దూరలేదు. జత కట్టిన రోజే నోట్‌బుక్‌లో "అగౌటి రావచ్చు" అని రాసుకున్నా.

అగౌటి అంటే ఒక్కో వెంట్రుక మీదా నలుపు, ఎరుపు పట్టీలుండటం. బొచ్చు మీద ఉఫ్ అని ఊదితే ఆ పట్టీలు కనబడతాయి. ఇది డామినెంట్ జీన్ (ఒక్క కాపీ ఉన్నా చాలు, రంగు చూపిస్తుంది), కాబట్టి నల్లవాటిలో దాక్కోలేదు, ఉంటే బయటపడి తీరుతుంది. ఎర్రవాటి సంగతి వేరు. వాటిలో ఎరుపు జీన్ రెండు కాపీలూ ఉండి వెంట్రుకలో నలుపునే పుట్టనివ్వవు. నలుపే లేని చోట పట్టీలు ఎక్కడినుంచి వస్తాయి? అలా మిర్చి దాచుకున్నది, నలుపు పుట్టనిచ్చే జీన్ కాటుక ఇవ్వడంతో పిల్లల్లో బయటపడింది. ఎర్ర పిల్ల కూడా పుట్టింది కాబట్టి కాటుక ఎరుపు క్యారియర్ (పైకి కనబడకుండా ఒక కాపీ మోస్తున్నది) అని ఖాయమైంది. మిర్చి దగ్గర అగౌటి ఒక కాపీయా, రెండా అన్నది ఇంకా తేలాలి. వచ్చే కాన్పులో ఒక్క నల్ల పిల్ల పుట్టినా ఒకటే అని రాసేస్తా.

మన పెట్ షాపుల్లో వయసే సరిగ్గా చెప్పరు, ఇక తాత ముత్తాతల రంగులు ఎవరు చెబుతారు? జత కట్టి చూడటమే దారి. ఎర్రదాన్ని కొనేటప్పుడు మాత్రం అరికాళ్లు, చెవులు చూడండి. అక్కడి చర్మం నల్లగా ఉంటే నలుపు రకం, గోధుమ రంగులో ఉంటే చాక్లెట్ రకం. మిర్చి అరికాళ్లు నలుపే.

కాటుక చాక్లెట్ క్యారియరా అని చూడటానికి దాన్ని చాక్లెట్ ఆడదానితో జత కట్టా. క్యారియర్ అయితే సగం పిల్లలు చాక్లెట్ కావాలి. మొదటి కాన్పులో మూడూ నలుపే. క్యారియర్ అయినా ఎనిమిదింట ఒకసారి ఇలా జరగొచ్చు, కాబట్టి ఇప్పుడే కొట్టేయను. వరసగా ఏడూ నలుపైతే ఆ అవకాశం 128లో ఒకటికి పడిపోతుంది. కాన్పుకి రెండు నుంచి నలుగురే పుడతారు, ఓపిక పట్టాలి.

తెల్లమచ్చ ఎక్కడ పడుతుందో మాత్రం నేను పందెం కాయను. అమెరికా వ్యవసాయ శాఖ 1906లో మొదలుపెట్టిన అన్నాచెల్లెళ్ల జతల్లో, జీన్లు దాదాపు ఒకేలా అయిపోయిన ఒక కుటుంబాన్ని జన్యు శాస్త్రవేత్త స్యూయల్ రైట్ పరిశీలించి 1920లో రాశాడు. వాటిలో కూడా తెలుపు ఒక్కోదానికి ఒక్కోలా పడింది. రోన్ రంగువి (రంగు వెంట్రుకల్లో తెల్ల వెంట్రుకలు కలిసినవి) రెండిటిని మాత్రం అసలు కలపకండి. నాలుగింట ఒక పిల్ల కళ్లు, పళ్లు సరిగా లేకుండా తెల్లగా పుట్టే ప్రమాదం ఉంది.

జతలు దసరా తర్వాతే కడతా. చూలు 59 నుంచి 72 రోజులు, సంక్రాంతికల్లా పిల్లలు వచ్చేస్తాయి. 30 డిగ్రీలు దాటితేనే వీటికి కష్టం, మన మే నెలలో చూలుదాన్ని ఉంచడం నాకిష్టం లేదు. ఈనిన కొన్ని గంటలకే మళ్లీ చూలు కట్టగలవు, అందుకని నెలలు నిండేసరికి మగదాన్ని తీసేస్తా. మగపిల్లల్ని మూడు వారాలకు విడదీస్తా. తల్లికి గడ్డితోపాటు రోజూ క్యాప్సికం ముక్క తప్పనిసరి, విటమిన్ సి వీటి ఒంట్లో తయారవదు.

అగౌటి పిల్లల్లో ఒకటి ఆడది. దానికి నాలుగైదు నెలలు రాగానే చాక్లెట్ మగదానితో కలుపుతా. తొలి కాన్పు ఆలస్యమైతే కటి ఎముక బిగుసుకుని ప్రసవం కష్టమవుతుంది. పిల్లల్లో సగం అగౌటి కావచ్చని నోట్‌బుక్‌లో రాశా. ఒక్కటైనా దాల్చినచెక్క రంగులో (నలుపు బదులు చాక్లెట్ పట్టీలతో) పుడితే తల్లి చాక్లెట్ క్యారియరే. అది కాటుక నుంచి వచ్చిందా, మిర్చి నుంచి వచ్చిందా అనేది ఈ జతతో తేలదు. అందుకే కాటుక ఏడు పిల్లల లెక్క కూడా ఆపడం లేదు.