చివర మిగిలిపోయిన ‘విత్’

మొన్న మంగళవారం బీపీ మాత్రల కోసం మందుల షాపుకి వెళ్ళాను. అల్లుడు కారు పార్క్ చేసి వస్తానన్నాడు. ఈలోగా కౌంటర్ దగ్గర ఒక అమ్మాయి ఫారం ఇచ్చి నింపమంది. నా దగ్గర పెన్ను లేదు. ‘పెన్’ అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ న్యూజెర్సీకి వచ్చి నాలుగు నెలలైంది, ప్రతి గురువారం లైబ్రరీలో ఇంగ్లీషు క్లాసుకి వెళ్తున్నాను, పూర్తి వాక్యం మాట్లాడాలని నాకు గట్టి కోరిక. ‘ప్లీజ్, గివ్ మి సంథింగ్ టు రైట్’ అన్నాను. ఆ అమ్మాయి చక్కగా నవ్వి, ఒక తెల్ల కాగితం తెచ్చి చేతిలో పెట్టింది.

ఇంటికొచ్చి మనవడికి చెప్పాను. వాడు రెండో తరగతి. బొమ్మలు వేస్తున్నవాడు తలెత్తకుండానే, “టు రైట్ విత్ అనాలి అమ్మమ్మా” అన్నాడు.

“విత్ అంటే తో కదా. దేనితో? ఆ తర్వాత ఏమీ లేదేం?”

“ఏమీ ఉండదు. జస్ట్ విత్.”

మరి కాగితం కావాలంటే ఏమనాలి అని అడిగాను. ‘టు రైట్ ఆన్’ అట. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

నేను 31 ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో తెలుగు పండిట్‌గా పనిచేశాను. ఎక్కువ కాలం గుంటూరు జిల్లాలోనే. ‘డు ము వు లు ప్రథమా విభక్తి’ అని పిల్లల చేత ఎన్ని వేలసార్లు వల్లె వేయించానో. విభక్తి అంటే నాకు అంత ఇష్టం. పేరుకీ, అంటే నామవాచకానికీ, క్రియకీ ఉన్న చుట్టరికం చెప్పేది అదే. అలాంటి విభక్తి ఒక్కటే, పక్కన పేరు లేకుండా, వాక్యం చివర నిలబడి ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు పొద్దున్నే నోట్‌బుక్ తీసి తెలుగులో రాసుకున్నాను. నేను రాసిన పెన్ను. నేను రాసిన కాగితం. నేను రాసిన బల్ల. నేను రాసిన ఉత్తరం. నేను రాసిన రోజు. పెన్నుతో రాశాను, కాగితం మీద రాశాను, బల్ల దగ్గర కూర్చుని రాశాను. కానీ ఆ పేరుని చివరికి తీసుకెళ్ళి దాని ముందు ‘రాసిన’ అని పెట్టేసరికి తో, మీద, దగ్గర అన్నీ మాయమైపోయాయి. వినేవాళ్ళు అర్థాన్నిబట్టి తెలుసుకుంటారు. పెన్ను మీద ఎవరూ రాయరు కదా. ఇన్నేళ్ళు పాఠం చెప్పాను గానీ, మన భాష ఇక్కడ విభక్తిని మింగేస్తోందని ఆ రోజు దాకా గమనించలేదు.

ఇంగ్లీషు మింగదు. ‘ద పెన్ ఐ రోట్ విత్’, ‘ద పేపర్ ఐ రోట్ ఆన్’. పేరు ముందుకి వెళ్ళిపోయినా దాని విభక్తి మాత్రం పాత చోటే ఉండిపోతుంది. టు చేర్చిన క్రియ దగ్గరా ఇదే పద్ధతి. ‘ఎ చెయిర్ టు సిట్ ఆన్’, ‘ఎ హౌస్ టు లివ్ ఇన్’. మనకి కూర్చోవడానికి కుర్చీ, ఉండటానికి ఇల్లు అంటే చాలు. అందుకే మనవాళ్ళం ‘చెయిర్ టు సిట్’ అని ఆపేస్తాం. అది తెలివితక్కువ వల్ల వచ్చే తప్పు కాదు, తెలుగు బాగా వచ్చినవాళ్ళు చేసే తప్పు.

మా హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారు వాక్యం చివర ప్రిపొజిషన్, అంటే ఈ విత్, ఆన్ లాంటి మాట, పెడితే ఎర్ర సిరాతో సున్నా చుట్టేవారు. ఆ సంగతి లైబ్రరీ క్లాసులో చెబితే, పాఠం చెప్పే పెద్దావిడ ఆ అభ్యంతరం చాలా పాతదని, 1672లోనే జాన్ డ్రైడెన్ అనే కవి అలా రాయడం లోపమని అన్నాడని చెప్పింది. లాటిన్‌లో విభక్తిని అలా ఒంటరిగా వదలడం కుదరదు. లాటిన్ చదువుకున్న పండితులకి ఇంగ్లీషు కూడా అలాగే ఉండాలనిపించింది. కానీ జనం ఎప్పుడూ చివరనే పెట్టి మాట్లాడుతూ వచ్చారు, ఇప్పటికీ అంతే. పండితుల మాటకీ జనం మాటకీ మధ్య ఈ గొడవ మనకి కొత్తా? నాకు డ్రైడెన్ మీద కోపం రాలేదు. భాష మీద ప్రేమతోనే అని ఉంటాడు. అయినా నా ఓటు జనానికే.

‘టు గో టు ద మార్కెట్’ దగ్గర మాత్రం నాకు కళ్ళు చెమర్చినంత పనైంది. రెండు టులు. ఒకటి క్రియకి ముందు, ఒకటి ఊరికో వీధికో ముందు. మొదట్లో ఇది అనవసరమైన గందరగోళం అనుకున్నాను. తర్వాత తెలుగులో చెప్పుకుని చూశాను: మార్కెట్‌కి వెళ్ళడానికి. మనకీ రెండు ‘కి’లు! వాళ్ళు ముందు పెట్టినవి మనం వెనక పెట్టాం, అంతే. గ్రామం అన్న మాటకి ‘కి’ చేరిస్తే గ్రామానికి. వెళ్ళడం అన్న మాటకి ‘కి’ చేరిస్తే వెళ్ళడానికి. క్రియని ముందు పేరుగా మార్చి, ఆ పేరు మీద విభక్తి వేస్తున్నాం.

ఇంగ్లీషు కూడా ఒకప్పుడు అచ్చంగా ఇదే చేసింది. లైబ్రరీలో ఇంగ్లీషు భాషా చరిత్ర పుస్తకం ఒకటి తీసుకుని, మా అమ్మాయి పక్కన కూర్చుని చదివించుకున్నాను. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో క్రియ చివర ‘ఎన్నె’ లాంటి ప్రత్యయం ఒకటి ఉండేది, దాని ముందు టు వచ్చేది. ఆ టు మొదట్లో ‘వైపుకి’ అనే అర్థమున్న మామూలు ప్రిపొజిషనే. ప్రత్యయం కాలక్రమంలో అరిగి రాలిపోయింది, టు మిగిలింది. చుట్టరికం లేని రెండు భాషలు ఒకే దారిన నడిచాయన్నమాట. పని వైపు వెళ్ళడం, ఊరి వైపు వెళ్ళడం మనిషి మనసులో ఒకటే అయి ఉండాలి. ఈ మాట క్లాసులో నా వంకర ఇంగ్లీషులోనే చెప్పాను. కొరియా నుంచి వచ్చిన తాతగారు ఒకాయన చప్పట్లు కొట్టారు.

టుతో వచ్చే చిక్కు ఇంకొకటుంది, ఇది ఆఫీసు ఈమెయిళ్ళు రాసే పిల్లలకి పనికొస్తుంది. ‘ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు సీ యు’ అని నేను రాస్తే, పెద్దావిడ ‘సీ’ని ‘సీయింగ్’ అని దిద్దింది. ఎందుకంటే ఇక్కడి టు ఊరి ముందు వచ్చే టు, క్రియ ముందు వచ్చేది కాదు. తేడా పట్టుకోవడానికి ఆవిడ ఒక చిట్కా చెప్పింది: టు తర్వాత ఒక పేరు పెట్టి చూడండి. ‘లుకింగ్ ఫార్వర్డ్ టు సండే’ అనొచ్చు. ‘ఐ వాంట్ టు సండే’ అనలేం. పేరు ఇమిడితే, అక్కడ క్రియకి ‘ఇంగ్’ చేర్చాలి.

లుక్ అంటే గుర్తొచ్చింది. లుక్ ఎట్ అంటే చూడటం, లుక్ ఫర్ అంటే వెతకడం, లుక్ ఆఫ్టర్ అంటే చూసుకోవడం. మనం చూడు అనే క్రియకి ‘కొను’ చేర్చి తెచ్చుకునే అర్థాన్ని వాళ్ళు వెనకాల ఒక చిన్న మాట పెట్టి తెచ్చుకుంటున్నారు. వీటికి సూత్రం లేదు, ఒక్కొక్కటీ నోటికి పట్టాల్సిందే.

‘డిస్కస్ అబౌట్’ అని మనం ఎందుకంటామో కూడా తెలిసింది. ఇంగ్లీషులో డిస్కస్‌కి అబౌట్ అక్కర్లేదు, ‘టు డిస్కస్ ద మేటర్’ అంటే చాలు. కానీ మనం చిన్నప్పుడు వల్లె వేసిన రెండో వరస ఏమిటి? నిన్, నున్, లన్, కూర్చి, గురించి ద్వితీయా విభక్తి. ‘ని’, ‘గురించి’ ఒకే వరసలో పక్కపక్కన ఉన్నాయి! విషయాన్ని చర్చించినా, విషయం గురించి చర్చించినా మనకి ఒకటే. ఆ చనువే ఇంగ్లీషులోకీ తీసుకుపోతున్నాం. నా దగ్గర చదువుకున్న పిల్లలకి ఇది అప్పుడే చెప్పగలిగి ఉంటే ఎంత బాగుండేది అనిపిస్తోంది.

ఒక్క చోట మాత్రం మన భాషే నాకు సుఖంగా ఉంది. ‘షి డిసైడెడ్ టు లీవ్ ఆన్ మండే’. సోమవారం నిర్ణయించుకుందా, సోమవారం బయల్దేరుతుందా? వాక్యం చూసి చెప్పలేం. సోమవారం బయల్దేరాలని నిర్ణయించుకుంది, బయల్దేరాలని సోమవారం నిర్ణయించుకుంది. ఏ క్రియకి ముందు పెడితే దానికే అతుక్కుంటుంది. ఇంగ్లీషులో కావాలంటే ‘ఆన్ మండే’ని వాక్యం మొదటికి తెచ్చి, నిర్ణయానికి కట్టాలి.

మనవడికి రోజూ రాత్రి అరగంట తెలుగు నేర్పిస్తున్నాను. నిన్న శనివారం బయట మంచు, పక్కింటి పిల్లాడు ఊళ్ళో లేడు. వీడు కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు చూసి, నా దగ్గరకొచ్చి తెలుగులోనే అన్నాడు:

“అమ్మమ్మా, నాకు ఆడుకోవడానికి తో ఎవరూ లేరు.”

వాడి విత్ వాడు వదల్లేదు. తెలుగులోకి మోసుకొచ్చి, ఎక్కడ పెట్టాలో తెలియక మధ్యలో పెట్టాడు. ‘తోడన్, తోన్’ అని మూడో విభక్తిలో ఉన్నది ఆ తోడే. ఆడుకోవడానికి ఎవరూ లేరు అనాలిరా అని చెప్పబోయి ఊరుకున్నాను. నోట్‌బుక్ మూసేసి, వాడి ప్లాస్టిక్ ఇటుకల డబ్బా తెచ్చి, కార్పెట్ మీద మోకాళ్ళు నెమ్మదిగా మడిచి కూర్చున్నాను.