‘సేవియర్స్’ వింటూ రోడియోకు, గిల్మన్ వీధికి

అమెరికన్ పంక్ రాక్ బృందం గ్రీన్ డే పాటలు పుట్టిన ఊళ్ళను చూడాలన్న నా చిరకాల కోరిక 2024 సెప్టెంబరులో, కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లోని మా పిన్ని ఇంటికి వెళ్ళినప్పుడు తీరింది. ఆ ఏడాది జనవరి 19న విడుదలైన వారి ‘సేవియర్స్’ ఆల్బమ్ అప్పటికే నాకు దాదాపు కంఠస్థమైపోయింది. పదిహేను పాటలున్న ఆ ఆల్బమ్ నిడివి ముప్పావు గంట మాత్రమే. లండన్‌లోనూ లాస్ ఏంజెలెస్‌లోనూ రికార్డు చేసిన ఈ పాటల కోసం, 1994 నాటి ‘డూకీ’ ఆల్బమ్‌కు నిర్మాతగా ఉన్న రాబ్ కవాలో దాదాపు పుష్కరకాలం తర్వాత వారితో మళ్ళీ చేతులు కలిపాడు. బృందంలోని బిల్లీ జో ఆర్మ్‌స్ట్రాంగ్, మైక్ డర్న్ట్, ట్రే కూల్ ముగ్గురూ 1972లో పుట్టినవారే. యాభై దాటాక కూడా పంక్ సంగీతపు దూకుడు తగ్గకుండా, అందులో ఇంత తీయని రాగాన్ని వీరు ఎలా నిలుపుకున్నారో ఆ ఊళ్ళలో తిరిగితే కొంతైనా తెలుస్తుందని నాకు అనిపించింది.

మా పిన్ని లివర్మోర్ గుడికి వెళ్దామని బయలుదేరదీస్తుంటే, గుడికి ఆదివారం తప్పకుండా వస్తానని మాటిచ్చి, ఆమె కొడుకుతో కలిసి కారులో ఉత్తరానికి బయలుదేరాను. బర్కిలీ దాటి అరగంట పోతే శాన్ పాబ్లో అఖాతం ఒడ్డున రోడియో అనే చిన్న ఊరు వస్తుంది. ఊరికంటే ముందు కనబడేది ఒకప్పుడు ముడి చమురును శుద్ధి చేసిన కర్మాగారమే. 1896లో మొదలైన ఆ కర్మాగారపు ట్యాంకులు కొండవాలు మీద వరుసగా నిలబడి ఉంటాయి; పక్క ఊరు క్రాకెట్‌లో వంతెన కింద పంచదార మిల్లు ఉంది. “అన్నయ్యా, ఇక్కడ చూడ్డానికి ఏముంది?” అని మా తమ్ముడు నిజంగానే అడిగాడు. బిల్లీ జో పెరిగింది ఇక్కడేనని చెప్పాను.

ఆరుగురు పిల్లల్లో అతడే చిన్నవాడు. తండ్రి లారీ నడుపుతూ జాజ్ డ్రమ్స్ వాయించేవాడు. తల్లి హోటల్లో వడ్డన పని చేసేది. అయిదేళ్ళ వయసుకే ఆసుపత్రుల్లో రోగులకు పాటలు వినిపించి, ఒక పాట రికార్డు కూడా చేసిన ఆ పిల్లవాడు 1982లో, పదేళ్ళప్పుడు, తండ్రిని పోగొట్టుకున్నాడు. మైక్‌తో స్నేహం కుదిరింది కూడా ఆ వయసులోనే, బడిలో. తన తల్లి కొనిచ్చిన నీలం గిటారును బిల్లీ జో ఈనాటికీ వాయిస్తున్నాడు. పంక్ అన్న మాట వినకముందే ఆ ఇంట్లో పాట ఉంది కనుక, గిటారు ఎంత గరుకుగా మోగినా అతని గొంతు రాగాన్ని విడిచిపెట్టదని ఆ వీధుల్లో నడుస్తున్నప్పుడు నాకు బలంగా తోచింది. ‘సేవియర్స్’ చివర్లో ఒక తండ్రి కొడుకుతో చెప్పుకునే పాట ఒకటుంది. అందులో తీగవాద్యాలు గిటార్ల వెనక నుంచి మెల్లగా పైకి లేస్తాయి. ఆ ఊరి నుంచి తిరిగి వస్తూ కారులో దాన్ని మళ్ళీ పెట్టించాను.

బర్కిలీలో 924 గిల్మన్ వీధి ఒక పాత ఇటుక భవనం. 1986 డిసెంబరు 31న మొదలైన ఈ పంక్ కచేరీల వేదికను నడిపేవారంతా స్వచ్ఛందంగా పనిచేసే కుర్రకారే. సభ్యత్వ కార్డు తీసుకుని, కొద్దిపాటి టికెట్ డబ్బు చెల్లించి లోపలికి వెళ్ళాము. గోడల మీద అంగుళం ఖాళీ లేకుండా రంగులు, స్టిక్కర్లు, చేతిరాతలు. ఒక పక్క బాస్కెట్‌బాల్ బుట్ట. మోకాలెత్తు దాటని వేదిక. మద్యం, మత్తుమందులు, హింస, జాతివివక్ష, లింగవివక్ష ఇక్కడ కూడదని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లలు తల్లిదండ్రులతో వచ్చారు. ఆ రాత్రి వాయించిన బృందాల పేర్లు నేను అంతకుముందు విననివి. శ్రుతి అక్కడక్కడ తప్పినా వేగం తప్పలేదు, ఆఖరి పాటకు ముందు వరుసలోని పిల్లలంతా వేదిక అంచును పట్టుకుని పాడారు.

1989 మే 28న ఆపరేషన్ ఐవీ అనే పంక్ బృందం తన వీడ్కోలు కచేరీ ఇక్కడే చేసింది. దానికి ముందు వాయించిన బృందాల్లో గ్రీన్ డే ఒకటి. పెద్ద రికార్డు కంపెనీలతో ఒప్పందమున్న బృందాలకు చోటు లేదన్నది ఇక్కడి కట్టుబాటు కాబట్టి, 1993లో రిప్రైజ్ సంస్థతో సంతకం చేశాక ఈ ముగ్గురికీ ఆ తలుపు మూసుకుపోయింది. మళ్ళీ ఈ వేదిక ఎక్కింది 2015లో, ఒక సహాయార్థ కచేరీకి. ఆ కట్టుబాటు కఠినమైనదే, కానీ తప్పని నేననను. పిల్లలు ఇంత తక్కువ డబ్బుతో ఇంత భద్రంగా సంగీతం వినగలిగే చోటు దాని వల్లే ఇన్నేళ్ళు మిగిలిందని నా నమ్మకం.

గిల్మన్ వీధి నుంచి రహదారి వైపు వస్తుంటే వంతెన కింద ఇల్లు లేనివారి గుడారాలు కనబడ్డాయి. ‘సేవియర్స్’ మొదటి పాట వీధిన పడ్డ జనం గురించీ, పోయిన ఉద్యోగాల గురించీ మాట్లాడుతుంది. ఇంటి దగ్గర విన్నప్పుడు అందులోని కోపం కొంచెం ఎక్కువేమోననుకున్నాను; ఆ గుడారాల పక్కనుంచి వెళ్ళాక అది ఎక్కువని అనలేను.

సెప్టెంబరు 20 రాత్రి శాన్ ఫ్రాన్సిస్కోలోని ఒరాకిల్ పార్కులో వారి కచేరీ ఆ పాటతోనే మొదలైంది. ‘డూకీ’ మొత్తాన్నీ, ‘అమెరికన్ ఇడియట్’ ఆల్బమ్ మొత్తాన్నీ వాయించిన ఆ సాయంత్రం కొత్త పాటలకు దక్కింది తక్కువ సమయమే. అయినా, బిల్లీ జో తన వ్యసనంతో పడ్డ పెనుగులాటను చెప్పుకునే ‘డిలెమా’ పాట ఎత్తుకున్నప్పుడు, పాత పాటల కోసం వచ్చిన నడివయసు వారు కూడా పల్లవిని అందుకున్నారు. నెమ్మదిగా మొదలై, కోరస్ దగ్గర మూడు వాద్యాలూ ఒక్కసారిగా విరుచుకుపడే ఆ పాటను నేను ‘డూకీ’లోని ఏ పాట పక్కనైనా నిలబెడతాను. తిరుగు రైల్లో మా తమ్ముడు ఈ ఆల్బమ్‌ను ఎక్కడి నుంచి వినడం మొదలుపెట్టాలని అడిగితే, ఆ పాటే ముందు పెట్టుకోమని చెప్పాను.