రోడ్డు మీద రోడ్డు: క్యూజీఐఎస్‌లో తిరుపతి మ్యాప్ గీసిన నా అనుభవం

మా బావ తన ట్రావెల్స్ ఆఫీసు గోడకి మ్యాప్ కావాలన్నాడు. ఒక చివర తిరుమల, ఇంకో చివర తిరుచానూరు, యాత్రికులకి వేలు పెట్టి చూపించేలా ఉండాలి. ఉచితంగా దొరుకుతుంది కదా అని మ్యాపులు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ వేసుకున్నా. రోడ్ల డేటాకి ఇబ్బంది లేదు, జనమే కలిసి గీసే ఉచిత మ్యాప్ ఒకటుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఉన్నదంతా క్విక్‌ఓఎస్ఎం ప్లగిన్‌తో దించుకోవచ్చు. ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదును కాగితం మీదకి తెచ్చే పద్ధతి) యూటీఎం 44 నార్త్, కాగితం ఏ1, స్కేలు 1:20,000, అంటే కాగితం మీద 1 మిల్లీమీటరు నేల మీద 20 మీటర్లు. అంతవరకూ సాఫీగానే జరిగింది.

దించిన వెంటనే రోడ్లన్నీ ఒకే రంగు, ఒకే మందం. చెదిరిన సాలెగూడులా కనిపిస్తుంది. జాతీయ రహదారికీ కొర్లగుంట సందుకీ తేడా ఉండదు. అందుకని గీతల రూపం మార్చే సింబాలజీలో ‘కేటగిరైజ్డ్’ ఎంచుకుని, రోడ్డు రకం చెప్పే హైవే అనే కాలమ్ ప్రకారం పెద్ద రోడ్ల నుంచి వీధుల దాకా ట్రంక్, ప్రైమరీ, సెకండరీ, రెసిడెన్షియల్ అని విడగొట్టా. మందం మిల్లీమీటర్లలో పెట్టాలా, నేల మీది మీటర్లలో పెట్టాలా అన్నది మొదటి ప్రశ్న. లెక్క వేస్తే తేలిపోయింది. 7 మీటర్ల రోడ్డు ఈ స్కేలులో 0.35 మిల్లీమీటర్లు వస్తుంది. గోడ మీద అది వెంట్రుకే. కాబట్టి మిల్లీమీటర్లే. పెద్ద రోడ్డుకి 2, వీధులకి 0.6.

రోడ్డు రోడ్డులా కనిపించాలంటే అంచు ఉండాలి. కింద ముదురు బూడిదరంగు గీత కాస్త లావుగా, దాని మీద లేత రంగు గీత సన్నగా. రెండూ ‘సింపుల్ లైన్’లే. ఇక్కడే అసలు తలనొప్పి. లీలామహల్ సర్కిల్ దగ్గర ఒక రోడ్డు అంచు పక్క రోడ్డుని అడ్డంగా కోసేస్తోంది. కూడలి కాస్తా ముళ్లకంచె వేసినట్టు తయారైంది. సాఫ్ట్‌వేర్ ఒక్కో రోడ్డునీ అంచుతో సహా పూర్తిగా గీసి తర్వాతి రోడ్డుకి వెళ్తుంది, అదీ సంగతి.

మందు ‘సింబల్ లెవెల్స్’. సింబాలజీ కింద అడ్వాన్స్‌డ్ బటన్‌లో దాక్కుని ఉంటుంది. టిక్ పెడితే చిన్న పట్టిక వస్తుంది, అందులో ఏ గీత ముందు, ఏది తర్వాత అని అంకెలు వేయాలి. అంచులన్నిటికీ 0, అంటే అన్నిటికన్నా ముందు అవే. లోపలి రంగుల్లో వీధులకి 1, సెకండరీకి 2, ప్రైమరీకి 3, ట్రంక్‌కి 4. ఓకే కొట్టగానే కూడళ్లన్నీ శుభ్రంగా కలిసిపోయాయి. రంగుల ఎంపిక మీద గంటలు గంటలు కూర్చునేవాళ్లని చూశాను. నన్నడిగితే ముందు ఈ వరస తేలాలి, రంగు ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

అయితే ఇదే సూత్రం శ్రీనివాస సేతు దగ్గర ఎదురు తిరిగింది. కపిలతీర్థం వైపు నుంచి తిరుచానూరు రోడ్డు వైపు పోయే ఈ ఫ్లైఓవర్ 2023లో ప్రారంభమైంది. అంచులన్నీ అడుగునే ఉండిపోతే ఫ్లైఓవర్ కూడా కింది రోడ్డులోకి దిగిపోయి, మామూలు కూడలిలా కనిపిస్తుంది. డ్రైవర్ అక్కడ మలుపు ఉందనుకుంటాడు. అందుకే షరతుల ప్రకారం గీసే ‘రూల్ బేస్డ్’కి మారి, డేటాలో బ్రిడ్జి అని గుర్తు పెట్టి ఉన్న గీతలకి వేరే రూల్ పెట్టా. వాటి అంచుకి 10, లోపలి రంగుకి 11. అప్పుడు కింది రోడ్లన్నీ గీశాకే వంతెన వస్తుంది. అంచు కొసలు ‘ఫ్లాట్’గా ఉంచాలి, లేకపోతే వంతెన దిగే చోట గుండ్రటి మూత పడుతుంది. కింద అదే దారిన మామూలు రోడ్డు కూడా పోతోంది కాబట్టి, వంతెనని 1 మిల్లీమీటరుకి తగ్గించా. రెండు పక్కలా కింది రోడ్డు రంగు తొంగి చూస్తుంది.

ఘాట్ రోడ్ల సంగతి వేరు. 2 మిల్లీమీటర్ల గీత అంటే నేల మీద 40 మీటర్లు. మెలికల దగ్గర గీత తనలో తానే అతుక్కుని ముద్దైపోయింది. 1.2కి తగ్గించి, గీత వంగే చోటి ‘జాయిన్’ గుండ్రంగా పెట్టాక కుదుటపడింది. ‘మైటర్’ పెడితే ప్రతి వంపు దగ్గరా మొన తేలుతుంది. డ్రాఫ్ట్ ప్రింటు చూసిన డ్రైవరన్న ఒకే ముక్క అన్నాడు: “ఏం సామీ, ఎక్కేదేదో దిగేదేదో ఎట్ల తెలస్తాది?” నిజమే. 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు దిగడానికి, 1974లో వేసిన రెండోది ఎక్కడానికి. ‘మార్కర్ లైన్’తో 25 మిల్లీమీటర్లకొక బాణం పెట్టా. గీత ఎటు నుంచి ఎటు గీసి ఉంటే బాణం అటే తిరుగుతుంది. అలిపిరి, శ్రీవారి మెట్టు నడకదారులు చుక్కల గీతలతో సరిపోయాయి.

పేర్ల విషయంలో రాజీ పడ్డా. నా దగ్గరున్న పాత వెర్షన్‌లో వంపు లేబుల్ పెడితే ఒత్తులు విడిపోతున్నాయి. రోడ్డుకి సమాంతరంగా తిన్నగా రాయించా. తెలుగు పేరు లేని రోడ్లకి నేనే టైపు చేశా.

స్టైల్‌ని క్యూఎంఎల్ ఫైలుగా సేవ్ చేసి పెట్టుకున్నా. బావ ఇప్పుడు కాణిపాకం దాకా ఇంకోటి అడుగుతున్నాడు. లెవెల్స్ అంకెలు అలాగే పనికొస్తాయి. స్కేలు మారుతుంది కాబట్టి మందాలు మాత్రం మళ్లీ చూడాలి, వీధులు ఎలాగూ తీసేయాల్సిందే.